చినిగిన చీరతో మొదలుపెట్టకు

బర్మామైన్స్,
జంషెడ్‌పూర్.

బుజ్జమ్మకు,

నువ్వు పంపిన స్క్రిప్టు అందింది. మీ చిన్న నానమ్మ ఒకసారి చదివింది, నేను రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను గానీ, మొదటి పేజీ దాటి పెన్సిలు కదల్లేదు.

మొదటి దృశ్యం నువ్వు ఇలా రాశావు. తెల్లవారుజాము, చిరుగుల చీరలో ఒక రేజా, అంటే కూలి ఆడమనిషి, నెత్తిన గంప, వంగిన నడుం, వెనక చిమ్నీల పొగ. ఆఖరి దృశ్యంలో అదే మనిషి హెల్మెట్ పెట్టుకుని డోజరు ఎక్కుతుంది, చప్పట్లు వినిపిస్తాయి. పదిహేను నిమిషాల సినిమాలో నడుమ ఉన్నదంతా కష్టాలే. నీ మనసు మంచిది, అందులో నాకు అనుమానం లేదు. కోప్పడకు గుంటా, ఆ మొదటి దృశ్యం మాత్రం తీసెయ్యి. ఎందుకంటున్నానో చెప్పాలంటే ఉత్తరం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

అమెరికాలో నల్లజాతివాళ్లలో తమవాళ్లెవరూ లేని రంగాల్లోకి ముందుగా అడుగుపెట్టినవాళ్ల మీద తీసిన చిన్న సినిమాలు చూసి నీకు ఈ ఆలోచన వచ్చిందన్నావు కదా. నీ ఉత్తరంలో బెస్సీ కోల్‌మన్ పేరు కూడా ఉంది. టెక్సస్‌లో పత్తి చేలల్లో పెరిగిన పిల్ల. షికాగోలో గోళ్లు తీర్చిదిద్దే పని చేసుకుంది. విమానం నడపడం నేర్పమంటే అమెరికాలో ఒక్క బడీ చేర్చుకోలేదు, ఆడదనీ నల్లదనీ. ఫ్రెంచి నేర్చుకుని, ఓడెక్కి ఫ్రాన్సు వెళ్లి, 1921 జూన్ 15న లైసెన్సు చేతపట్టుకుంది. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతి సంగతి.

ఆవిడ తిరిగొచ్చి ఆకాశంలో విన్యాసాలు చేసి పేరు తెచ్చుకున్నాక, సినిమాలో వేషం కట్టమని ఒక కంపెనీ పిలిచింది. అది నల్లజాతివాళ్ల సొంత కంపెనీయే. సినిమా పేరు ‘షాడో అండ్ సన్‌షైన్’. ఆవిడా సరేనంది. తీరా చూస్తే మొదటి దృశ్యంలో చిరిగిన బట్టలు కట్టుకుని, చేతిలో కర్ర, వీపున మూట పెట్టుకుని నడిచి రావాలట. ఆవిడ ఒప్పుకోలేదు. వేషం వదులుకుని వెళ్లిపోయింది. డబ్బు అవసరం లేని మనిషి కాదు, సొంతంగా విమానాల బడి పెట్టాలని పైసా పైసా కూడబెట్టుకుంటున్న మనిషి. ఆ బడి పెట్టకుండానే 1926లో విమాన ప్రమాదంలో పోయింది. పేదరికం ఆవిడకి కొత్త కాదు, దాచుకోవాల్సిన సంగతీ కాదు. తన జాతి మనిషి తెరమీద కనబడ్డ ప్రతిసారీ అదే వాలకంతో కనబడుతోందని ఆవిడకి కడుపుమంట. నీ స్క్రిప్టులో మొదటి పేజీ చదువుతుంటే నాకు ఆవిడే గుర్తొచ్చింది.

పోయిన నెల మా మనవడు ఫోనులో ‘ది క్వీన్ ఆఫ్ బాస్కెట్‌బాల్’ చూపించాడు. ఇరవై రెండు నిమిషాల సినిమా, 2022లో ఆస్కార్ వచ్చింది. తీసినవాడు బెన్ ప్రౌడ్‌ఫుట్. అందులో ఉన్నది లూసియా హ్యారిస్ అనే మనిషి, మిసిసిపీ పల్లెటూరి నల్లజాతి రైతుకూలీ కుటుంబం. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ మొదటిసారి పెట్టినప్పుడు తొలి బుట్ట వేసింది ఆవిడే. మరుసటి ఏడాది మగవాళ్ల ఎన్‌బీఏ జట్టు ఒకటి, న్యూ ఆర్లియన్స్ జాజ్, ఆటగాళ్ల ఎంపికలో ఆవిడ్ని ఎంచుకుంది. ఆవిడ వెళ్లలేదు. 

ఆ సినిమాలో ఉన్నదేమిటో చూడు. ఒక పెద్దావిడ ముఖం తెరనిండా ఉంటుంది. సూటిగా నీ కళ్లలోకి చూస్తూ, నవ్వుతూ చెబుతుంది. వెనకనుంచి గంభీరమైన గొంతు ఏదీ ఆవిడ తరఫున మాట్లాడదు. మధ్యమధ్య పాత ఆటల రీళ్లు. ఆ పొడుగాటి పిల్ల బుట్ట కింద నిలబడి బంతి అందుకుని, మడమ మీద తిరిగి వేసేస్తుంటే, బాస్కెట్‌బాల్ ఓనమాలు తెలియని నాకు కూడా ఈ మనిషి పనిలో ఏం గొప్పో అర్థమైంది. ఆట ముందు అర్థమైంది గనకనే, కాలేజీ అయ్యాక ఆడడానికి మగవాళ్లకున్న దారి తనకు లేదన్న మాట వచ్చినప్పుడు గుండెలో గుచ్చుకుంది. ఆస్కార్ రావడానికి రెండు నెలల ముందే, 2022 జనవరిలో, ఆవిడ కన్నుమూసింది. సినిమాలో మాత్రం నవ్వుతూనే ఉంటుంది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. ఇది మీ నాన్నకి కూడా తెలియదు.

నేను క్రేన్ ఆపరేటర్‌నని నీకు తెలుసు. ఒక కర్మాగారంలో ముప్పై ఏళ్లు ఓవర్‌హెడ్ క్రేన్ నడిపాను. షెడ్డు పైకప్పు కింద రెండు వైపులా పట్టాలుంటాయి, వాటిమీద క్రేన్ నడుస్తుంది, దానికి ఒక చివర వేలాడే డబ్బాలాంటి క్యాబిన్‌లో మనం కూర్చుంటాం. కింద పైపుల కట్టలకి స్లింగులు తగిలించేవాడు కళాసీ. ఆ మోతలో కేక వినిపించదు. కళాసీ చెయ్యే మనకి భాష. చూపుడువేలు పైకెత్తి చుట్టూ తిప్పితే ఎత్తమని, కిందికి చూపించి తిప్పితే దించమని, చెయ్యి బారజాపి అరచెయ్యి నేలవైపు పెడితే ఆపమని. 

1980ల మొదట్లో ఒకరోజు బి షిఫ్టులో కళాసీ రాలేదు. కింద ఊడ్చే రేజాల్లో ఒకామె, హో ఆదివాసీ పిల్ల, పాతికేళ్లుంటాయేమో, ఎవరూ చెప్పకుండానే వచ్చి నిలబడి సైగలు మొదలుపెట్టింది. ఏళ్ల తరబడి ఊడుస్తూ చూసి నేర్చుకుంది కాబోలు. ఆ రోజు నాకు పైనుంచి కనిపించింది ఆ చెయ్యి ఒక్కటే. అంత స్పష్టంగా సైగ చేసే చెయ్యి నేను మళ్లీ చూడలేదు. కట్ట ఒకటి ఊగడం మొదలుపెట్టింది. కొత్తవాళ్లు చేసే తప్పేమిటంటే, లోడు ముందుకి ఊగితే క్రేన్‌ను వెనక్కి లాగుతారు, ఊపు ఇంకా పెరుగుతుంది. లోడు ఎటు పోతోందో క్రేన్‌ను కూడా అటే కొంచెం పంపాలి. తాళ్లు నిటారుగా వచ్చిన క్షణంలో ఆపాలి. ఆ క్షణం పైనున్నవాడికంటే కింద పక్కనుంచి చూసేవాళ్లకి బాగా తెలుస్తుంది. ఆమె సరిగ్గా ఆ క్షణంలో చెయ్యి బారజాపింది. లోడు గుడిలో గంట నాలుకలాగా నిలిచిపోయింది.

షిఫ్టు అయ్యాక నిచ్చెన దిగుతుంటే నా దగ్గరకొచ్చి అడిగింది, “దాదా, ఒక్కసారి పైకి తీసుకెళ్తావా? పైనుంచి ఎలా ఉంటుందో చూస్తాను” అని. నేనేం అన్నానో తెలుసా? “ఇది ఆడవాళ్ల పని కాదు, వెళ్లు” అన్నాను. మా వాళ్లు నలుగురు నవ్వారు. ఆమె చీపురు తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడు కళాసీ వచ్చాడు. ఆమె మళ్లీ ఎప్పుడూ ఆ వైపు చెయ్యెత్తలేదు. పైకి తీసుకెళ్లడానికి నాకు పట్టేది పది నిమిషాలు.

2000 దాటాక ఊళ్లో ‘తేజస్విని’ పేరుతో రేజాలకు శిక్షణ ఇచ్చి, డోజర్లు, క్రేన్‌లు లాంటి భారీ యంత్రాలు అప్పజెప్పారు. టాటా స్టీల్ చేసిన పని అది. గంపలు మోసిన చేతులు లీవర్లు పట్టుకోవడం చూసి ఊరంతా ఆశ్చర్యపోయింది. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ఇరవై ఏళ్ల ముందే ఒక చెయ్యి చూశాను గదా.

అందుకే చెబుతున్నాను, నీ సినిమా చూసినవాడికి ఇంటికెళ్లేసరికి ఊగే లోడును ఎలా నిలపాలో తెలిసి ఉండాలి. డోజరు బ్లేడు ఎంత వంచితే నేల సమంగా వస్తుందో, ఇంజను గొంతు మారితే నడిపే ఆవిడకి ఏం తెలుస్తుందో ఆవిడ చేతే చెప్పించు. కర్మాగారం లోపల కెమెరాకి అనుమతి దొరకడం కష్టం, దొరక్కపోతే దిగులుపడకు. వసారాలో నులకమంచం మీద కూర్చోబెట్టి, “అమ్మా, లీవర్లు ఎలా పట్టుకుంటారో గాల్లో చూపించండి” అను. ఏళ్ల తరబడి చేసిన పని చేతులు మరిచిపోవు. కెమెరా ఆ చేతుల మీద పెట్టి ఊరుకో. ఇనప్పెట్టెలో గేటు పాసులు, సేఫ్టీ సర్టిఫికెట్లు, పిక్నిక్ ఫొటోలు ఉంటాయి, అడిగితే తీస్తారు. 

ఇంకో సంగతి, ‘మొట్టమొదటి మహిళ’ అని నువ్వు ఎర్రక్షరాలతో టైటిల్ రాశావు. ఈ నేలమీద ఆ మాట వాడేటప్పుడు జాగ్రత్త. మనకి పక్కనే ఝరియా. నూరేళ్ల కిందట అక్కడి బొగ్గు గనుల్లో ఆడవాళ్లు వేలమంది భూమి లోపలికి దిగేవారు. కామిన్‌లనేవారు వాళ్లని. మగడు బొగ్గు కొడితే భార్య ఎత్తి తొట్టెల్లో నింపేది. 1929లో వచ్చిన నిబంధనలు వాళ్లని కొన్నేళ్లలో అంచెలంచెలుగా బయటికి పంపాయి. యుద్ధంలో బొగ్గు కొరత పడగానే 1943లో మళ్లీ దించారు, 1946లో మళ్లీ వద్దన్నారు. తర్వాత 1952 గనుల చట్టం, 46వ సెక్షను, ఆడవాళ్లు భూగర్భంలోకి దిగకూడదనీ, పైన కూడా రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా పని చెయ్యకూడదనీ రాసింది. 2019 జనవరిలో కేంద్రం దాన్ని సడలించాకే, ఆ ఏడాది సెప్టెంబరులో, మన పక్క నోవాముండి ఇనుప గనిలో ఆడవాళ్లు అన్ని షిఫ్టుల్లోకీ వచ్చారు. పేపర్లన్నీ ‘తొలిసారి’ అని రాశాయి. ఆ గనిలో, ఆ షిఫ్టులో, ఆ యంత్రం మీద తొలిసారి, నిజమే. ఆడది గనిలోకి రావడం మాత్రం తొలిసారి కాదు, తిరిగి రావడం. టైటిల్ కార్డు మీద ఏ చోట, ఏ యంత్రం, ఏ సంవత్సరం అన్నది రాయి. ముందు నడిచిన కామిన్‌లను చెరిపేసే మాట మనం రాయొద్దు. నీ సినిమాలో ఆవిడ అమ్మమ్మో నానమ్మో ఝరియాలో దిగిందేమో అడిగి చూడు, ఏం తెలుస్తుందో.

తెలుగువాళ్ల మీద కూడా ఒకటి తియ్యమని మీ నాన్న అన్నాడట. బాగా అన్నాడు. ఎ. లలిత గారి మీద తియ్యి. అయ్యలసోమయాజుల వారి కోడలు, పప్పు సుబ్బారావు గారి కూతురు. ఆవిడ మీద సినిమా తీసేవాళ్లు మొదటి దృశ్యం ఏది పెడతారో నేను ఇప్పుడే చెప్పగలను. పద్దెనిమిదేళ్లకి వైధవ్యం, ఒళ్లో నెలల పాప. అది జరిగిన మాటే. అయినా నేను తీస్తే జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో మొదలుపెడతాను. మన బీహారు జమాల్‌పూరే. గిండీ ఇంజనీరింగ్ కాలేజీ చదువులో భాగంగా ఏడాదిపాటు అక్కడ అప్రెంటిస్‌గా పనిచేసిందావిడ. ఆవిరి ఇంజన్లు మరమ్మతయ్యే ఆ షెడ్డులో ఓ పాపకి తల్లైన తెలుగు పిల్ల నిలబడి పని నేర్చుకోవడం ఊహించు. నాకు ఆ మోత ఇప్పటికీ చెవుల్లో ఉంది, అందుకే ఆ దృశ్యం నాకు కళ్లకి కడుతుంది. 

కాలేజీలో ప్రొఫెసరైన తండ్రి పట్టుబట్టి పైవాళ్లను ఒప్పించి ఆవిడకి సీటు ఇప్పించాడు. 1943లో పట్టా వచ్చింది. పట్టా కాగితం మీద మగవాళ్లకే అచ్చువేసిన ‘హీ’ అన్న మాట కొట్టేసి ‘షీ’ అని దిద్దాల్సి వచ్చింది. మన దేశంలో ఇంజనీరింగ్ చదివిన తొలి ఆడమనిషిగా ఆవిడనే చెబుతారు. ఆవిడ తర్వాత చేరిన పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జి అని ఇద్దరు మలయాళీ అమ్మాయిలు కూడా అదే కాలేజీ నుంచి ఇంజనీర్లయ్యారు. వాళ్లనీ తెరమీద కూర్చోబెట్టు. ఒక్కత్తే ఉంటే కాలేజీలో ఎంత ఒంటరితనమో, తోడు వచ్చాక ఎంత తేడావో చూపించవచ్చు. తర్వాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి, అక్కడే దాదాపు ముప్పై ఏళ్లు. భాక్రా నంగల్ జనరేటర్ల పనిలో ఆవిడ చెయ్యి ఉంది. ప్రసార లైన్లు, సబ్‌స్టేషన్ల లేఅవుట్లు, ప్రొటెక్టివ్ గేరు చూసేది. ఈ ప్రొటెక్టివ్ గేరు గురించి రెండు నిమిషాలు పెట్టు. లైనులో ఎక్కడో లోపం వస్తే కరెంటు ఒక్కసారిగా పోటెత్తుతుంది, రిలే దాన్ని పసిగడుతుంది, రెప్పపాటులో బ్రేకరు తెగుతుంది, మంట పక్కింటికి పాకదు. ఆ పని చేసిన మనిషి అని తెలిస్తే, ఇంట్లో స్విచ్ వేసేటప్పుడు ఎవరికైనా ఆవిడ గుర్తొస్తుంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకి వెళ్లింది. 1979లో అరవై ఏళ్లకి పోయింది. కలకత్తా మనకి మూడు నాలుగు గంటల రైలు. ఆవిడ అక్కడున్న రోజుల్లో నేను ఇక్కడ స్కూలు పిల్లాణ్ని, ఒక్క మాస్టారూ ఆవిడ పేరు మాకు చెప్పలేదు.

మళ్లీ మన రేజాల దగ్గరికి వద్దాం. నువ్వు వాళ్ల మాటలు హిందీలో రాసి, తెలుగు వ్యాఖ్యానం పెట్టావు. వాళ్లలో ఒకరిది హో, ఒకరిది సంతాలీ. హిందీ వాళ్లకి డ్యూటీ భాష, మనకి ఉన్నట్టే. ఇంట్లో మనం శ్రీకాకుళం యాసలో మాట్లాడుకుంటూ, గేటు దగ్గరకెళ్లగానే గొంతు మార్చేవాళ్లం కాదూ? ఆ మారిన గొంతుతో మనం ఎన్నడూ మనసులోది చెప్పలేదు. వాళ్లని వాళ్ల భాషలోనే మాట్లాడనీ. రాంచీలో బీజూ టోప్పో అని ఉరావ్ ఆదివాసీ ఉన్నాడు, మేఘనాథ్‌తో కలిసి ఏళ్లుగా డాక్యుమెంటరీలు తీస్తున్నాడు. రాందయాళ్ ముండా మీద వాళ్లు తీసిన ‘నాచీ సే బాంచీ’ వెతికి చూడు. ముండారీ పల్లెలో పుట్టి, అమెరికాలో చదివి, పాఠాలు చెప్పి, రాంచీ విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలరైన మనిషి ఆయన. మెళ్లో డోలు ఎప్పుడూ దించలేదు. 

ఇది నీకు కొంచెం కటువుగా ఉండొచ్చు. ఆదివాసీ ఆడవాళ్ల కథ తెలుగు పిల్లవైన నువ్వు ఒక్కదానివే తియ్యకు. ఈ ఊళ్లో కెమెరా పట్టే హో, సంతాలీ పిల్లలు బోలెడుమంది ఉన్నారు. నవంబరు 15న, బిర్సా ముండా జయంతికి, బిష్టుపూర్ గోపాల్ మైదానంలో ‘సంవాద్’ మొదలవుతుంది. దేశం నలుమూలల ఆదివాసీలు వస్తారు. ఆదివాసీల కథల మీద ‘సముదాయ్ కే సాథ్’ అని చిన్న సినిమాల పోటీ కూడా ‘సంవాద్’ జరిపేవాళ్లదే. ఆ రోజులకి రా. సినిమాలు చూడు, తీసినవాళ్లతో టీ తాగు, వాళ్లలో ఒకమ్మాయిని తోడు అడుగు. పేరు వేసేటప్పుడు ఆ పిల్ల పేరు నీ పేరు పక్కన, అదే సైజు అక్షరాల్లో ఉండాలి.

ఆ ఆడవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల ఒక రోజు హాజరీ పోతే ఎంతో కనుక్కుని, అంత డబ్బు ముందే చేతిలో పెట్టు. మొహమాటపడితే నేను మాట్లాడతాను. సినిమా కూర్చాక, ఎవరికీ చూపించకముందు, ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్లీ వాళ్ల వసారాలోకి వెళ్లు. ఏ ముక్క తియ్యమంటే ఆ ముక్క తీసెయ్యి, నీకు ప్రాణమైన షాట్ అయినా సరే. బెస్సీ కోల్‌మన్‌లాగా లేచి వెళ్లిపోయే ధైర్యం అందరికీ ఉండదు, కొంతమంది నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు చూసి ఒప్పుకున్నారనుకోకు, రెండోసారి అడుగు.

పుస్తకాలు చదివే అలవాటు నీకుంది గనక ఒకటి చెబుతాను. గోగు శ్యామల ‘నేనే బలాన్ని’ అని టి.ఎన్. సదాలక్ష్మి గారి జీవితకథ రాసింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకరుగా చేసిన దళిత మహిళ ఆవిడ. చెప్పే మనిషి గొంతు రాసే మనిషి గొంతు కింద అణిగిపోకుండా ఎలా నిలపాలో అది చదివితే తెలుస్తుంది. వచ్చేలోపు చదువుకుని రా.

ఇక నాకు సైగలు చేసిన ఆ మనిషి. రిటైరయ్యాక ఇన్నేళ్లకి, నీ స్క్రిప్టు చదివాక, పాత కళాసీ ఒకణ్ని పట్టుకుని వాకబు చేశాను. ఉందట. సువర్ణరేఖ నది అవతల బస్తీలో కొడుకు దగ్గర ఉంటోందట. యంత్రం ఎక్కే అవకాశాలు వచ్చేసరికి ఆమె వయసు దాటిపోయింది, రేజాగానే పని ముగించింది. ఆమె ఏ జాబితాలోనూ మొదటిది కాదు, రెండోదీ కాదు. నీ సినిమాలో ఆమెకి చోటుందో లేదో నువ్వే చూసుకో, నేను బలవంతపెట్టను.

చలి మొదలైంది, స్వెటరు తెచ్చుకో. మీ చిన్న నానమ్మ అరిసెలు చేస్తానంటోంది. టాటానగర్‌లో దిగగానే ఫోన్ చెయ్యి, స్టేషనుకి నేనే వస్తాను. మర్నాడు పొద్దున్న మనం నది అవతలికి వెళ్దాం. గుమ్మం దగ్గర నువ్వు కాసేపు ఆగు, కెమెరా సంచిలోనే ఉంచు. నేను లోపలికి వెళ్లి ఆమెతో మాట్లాడతాను. ఆ తర్వాత ఆమె పిలిస్తే రా.

ఇట్లు,
నీ చిన్నతాత